అక్కి మీద రాయించిన సింహం

మొన్న శుక్రవారం బెంగళూరు ఆసుపత్రిలో మా మేనత్త పోయింది. ఏడవాల్సిన నాకు ఇంకా కోపమే తగ్గలేదు. ఏమనుకోకండి.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. కొనడానికి వచ్చినవాళ్లు రంగు బాగుందంటే ఆమెకు చాలదు. చీర తిరగేసి వెనక వైపు కూడా చూసేదాకా వదిలేది కాదు. "ముందర అందురూ బాగానే ఉంటారు, ఎనక చూడప్పా" అనేది. మా అమ్మ పోయాక హిందూపురం వచ్చి, రెండేళ్లు మా ఇంట్లో ఉండి నన్ను సాకింది. ఆ రెండేళ్లూ ఆమె మగ్గం ఊరికే ఉంది. ఆ మాట ఒక్కనాడూ ఎత్తలేదు.

పోయినేడు ఆమెకు రక్తంలో క్యాన్సర్ అన్నారు. మూలకణాల మార్పిడి చేశారు, కోలుకుంది. ఇంటికి పంపుతూ డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో చేరిన వైరస్ నరాల్లో నిద్రపోతూ ఉంటుందట. ఒంట్లో బలం లేనప్పుడు లేస్తుందట, మెదడుకెక్కితే ప్రాణం మీదికొస్తుందట. ఏడాదిపాటు మాత్రలు మానొద్దు, ఒక్క పొక్కు లేచినా ఫోన్ చేయండి అంది.

రెండు నెలలకే మాత్రలు మానేసింది మా మహాతల్లి. "వేడి చేస్తాండాయప్పా!" అంట. ఫోన్లో నేను అరిచిన అరుపులకు మా వీధి వీధంతా బయటికొచ్చింది. "సర్లే అల్లుడా, మింగుతాలే" అంది. మింగిందో లేదో దేవుడికే ఎరుక.

ఆ తర్వాత నడుము మీద మంటమంటగా పొక్కులు లేచాయి. డాక్టరమ్మకు చెప్పిందా? లేదు. నాకు? ఊహూ! బస్సెక్కి కొత్తచెరువు పోయి, కుండలు చేసేవాళ్ల ఇంట్లో పొక్కుల మీద కావితో సింహం బొమ్మ రాయించుకొని వచ్చింది. మా వైపు ఈ పొక్కుల జబ్బును అక్కి అంటారు, సింహాన్ని చూస్తే పారిపోతుందంటారు. మూడు ఆదివారాలు రాయించాలట. రెండో ఆదివారం రాకముందే పక్కింటావిడ నాకు ఫోన్ చేసింది. "మీ అత్త పప్పులో చక్కెర ఏస్తాండాది. నన్ను ఎవురని అడుగుతాండాది. తొందరగా రాప్పా!"

పరుగున పోయి ఆమెను బెంగళూరు తీసుకుపోతుంటే దారిలోనే ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో నరానికి మందు ఎక్కించారు గానీ, "నాలుగు రోజుల ముందే తెచ్చుంటే..." అని డాక్టరమ్మ ఆగిపోయింది. నర్సు దుప్పటి తీస్తే, నడుము మీద ఎర్రటి సింహం నోరు తెరుచుకొని ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. "నాకెందుకు చెప్పలేదత్తా?" అని అక్కడే అరిచేశాను.

అత్త నా వైపు చూసింది. నేనెవరో తెలియలేదు. చేయి పట్టుకొని దగ్గరికి లాక్కుంది.

"మా అల్లునికి చెప్పాకప్పా," అంది గుసగుసగా. "వాడు అరుస్తాడు."

"చెప్పనులేమ్మా" అన్నాను.

నా చెయ్యి మెల్లగా తట్టి, నిమ్మళంగా కళ్లు మూసుకుంది.