కుర్సి ఎత్తు

ఈ మధ్య వస్తున్న ప్లాస్టిక్ కుర్చీలకు నాలుగు కాళ్లూ ఒక్క మాట మీద ఉండటం లేదు. మూడు నేల మీద నిలబడితే నాలుగోది ఇంకా ఆలోచిస్తూ ఉంటుంది. మొన్నటి వానకు నిజామాబాద్‌లో మా ముందుగదిలోకి నీళ్లొచ్చినప్పుడు అలాంటి కుర్చీలోనే కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుని, దీని మీద ఎవరికి ఫిర్యాదు రాయాలా అని చూశాను. నీళ్ల గురించి మాత్రం ఎవరికీ రాయదలుచుకోలేదు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు భవన నిర్మాణం పాఠం చెప్పి రిటైరైనవాడి ఇంట్లోకి నీళ్లొచ్చాయన్న సంగతి బయటకు పొక్కకపోవడమే విద్యారంగానికి క్షేమం.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మా కాలనీ రోడ్డును పాతది తవ్వకుండా దాని మీదే కొత్తది వేస్తూ వచ్చారు. రోడ్డు ఎదిగింది, ఇల్లు ఎదగలేదు. పునాది మీద, గోడలు మొదలవక ముందు, ఇంటిని నేలకన్నా ఎత్తున నిలబెట్టే కట్టడం ఒకటుంటుంది. మా బాపు దాన్ని కుర్సి అనేవాడు. ఇల్లు కూర్చునే చోటు అన్నమాట. బాపు సుతారి మేస్త్రి. బోధన్ చుట్టూ చెరుకు తోటల మధ్య, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఇళ్లు చాలా ఆయన చేతి మీదుగా లేచినవే. వాళ్లు దాన్ని బేస్‌మట్టం అనేవాళ్లు, ఈయన కుర్సి అనేవాడు. ఇద్దరూ నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించుకునేవాళ్లు, కట్టడం లేచేది. మధ్యలో చదువుకున్నవాడు లేకపోవడం వల్ల పని అంత సాఫీగా సాగేదనుకుంటాను.

ఆ లోటు నేను తీర్చాను. డిప్లొమా రెండో ఏడు సెలవులకు వచ్చి, ఒక రైతు ఇంటి పని దగ్గర చేతిలో పుస్తకంతో నిలబడ్డాను. కాలవ పక్కనే స్థలం.

"మేస్త్రీగారూ, బేస్‌మట్టం ఎంత లేపుదామంటారు?" అన్నాడు రైతు.

"కుర్సి నడుం దాంక లేపుదాం సారూ. నీళ్లు ఇయ్యాల కాకపోతె రేపన్న వస్తయి" అన్నాడు బాపు.

"బాపూ, కుర్సి అంటే కూసునేది. దీన్ని ప్లింత్ అంటరు" అన్నాను నేను. అంతటితో ఆగినా సరిపోయేది. "కుర్సి మీద ఇల్లు కడ్తవా ఏంది?" అని చేర్చాను.

రైతు నవ్వాడు. కూలీలు నవ్వారు. ఇటుకలు మోస్తున్న మా అక్క మాత్రం తట్ట దించకుండా అలాగే నిలబడి నన్ను చూసింది. నన్ను చదివించడానికే ఆమె తట్ట ఎత్తుకున్నదన్న సంగతి ఆ రోజుల్లో నాకు పెద్ద విషయంగా తోచలేదు.

"గట్లనా బిడ్డా! సదువుకున్నోనివి, గట్లనే అందాం తీ" అన్నాడు బాపు. కోపంగా అనలేదు. అదే వచ్చిన చిక్కు. ఆ తర్వాత ఆయన నా ముందు పనికి సంబంధించిన పేరు ఒక్కటి కూడా పలకలేదు. అది, ఇది అన్నట్టుగా అన్నీ "గది" అయిపోయాయి. "గదానికి గది పెట్టాలె, మీ పుస్తకంల ఏమంటరో గది." నా ఇల్లు కట్టేటప్పుడు నేను కాగితం మీద ఒకటిన్నర అడుగుల ప్లింత్ గీసుకుంటే, వచ్చి చూశాడు. నడుము దగ్గరికి చెయ్యి వెళ్లింది, మళ్లీ కిందికి దిగిపోయింది. "నీకెరుకే గద" అని చాయ తాగి వెళ్లిపోయాడు. ఆయన పోయి కూడా చాలా కాలమైంది.

ఇప్పుడు ఎవరో మంచివాళ్లు మన కట్టుబడి పనుల మాటలన్నీ పోగుచేసి పుస్తకం వేస్తామని, తెలిసినవి రాసివ్వమని నన్ను అడిగారు. సుతారి కొడుకునని మురిసిపోయి ఒప్పుకున్నాను. కూర్చుంటే రెండు పేజీలు కూడా నిండలేదు. ముఖ్యంగా ఒక మాట దొరకలేదు. బాపు గోడ ఆపేచోట, చివర ఇటుకలను ఒక వరస విడిచి ఒక వరస బయటకు వదిలేవాడు, రేపు ఎవరైనా ఇంకో గది కలుపుకుంటే కొత్త గోడ పాతదాన్ని పట్టుకోవాలని. దాని ఇంగ్లీషు పేరు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. బాపు పేరు మాత్రం ఎంత తవ్వినా రాలేదు. గోడకు రేపటితో పనిపడుతుందని ఆయనకు తెలుసు. నాకు నిన్నటితో పనిపడుతుందని తెలియలేదు.

ఇక మిగిలింది అక్క ఒక్కతే. నోటుబుక్కు పట్టుకుని మాక్లూర్ వెళ్లాను. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పుస్తకం సంగతి చెప్పాను, అందులో బాపు పేరు వేయిస్తానన్నాను. ఇటుకలు ఎలా వదిలేవాడో వేళ్లలో వేళ్లు దూర్చి చూపించాను.

"గా ఇటుకలు అందిచ్చింది నువ్వే గదక్కా. బాపు దాన్ని ఏమనేటోడు?"

అక్క చేతిలోని బీడీకి దారం చుట్టి, తెంపి, చాటలో వేసింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది, ఆ రోజు తట్ట కింది నుంచి చూసినట్టే.

"నాకేం ఎరుక తమ్మీ. కుర్సి అంటే కూసునేది. నువ్వే చెప్పినవ్ గద."