వీపున ఉన్నది బిడ్డ కాదు

అందరూ తల్లి బిడ్డను మోస్తోందంటారు. కాదు. మొన్నటి వానకు పద్మారావు నగర్‌లో మా స్నానాలగది గోడవార రెండు రోకలిబండ పురుగులు ఒకదాని వీపు మీద ఒకటి పాకుతుంటే మా ఆడపడుచు కూడా, చూడు వదినా, తల్లిప్రేమ అని కరిగిపోయింది. నాకు ఒళ్లు మండింది. అవి ఆలుమగలు. మగది వీపెక్కి, అన్ని కాళ్లతోనూ అలలు అలలుగా తట్టి, ఆడది తలెత్తాక పొట్టకు పొట్ట చేర్చి పెనవేసుకుంటుంది. అంతా అయ్యాక కూడా మరో మగది దరిచేరకుండా చాలాసేపు పట్టు వదలదు. ఇదంతా కాలేజీలో జంతుశాస్త్రం చదివి తెలుసుకున్నాను కాని, మొదట చూసింది మెట్టుగూడలో, పోలీసు చర్య జరిగిన ఆ వానాకాలంలో.

మా చిన్నాయన రైల్వే షెడ్డులో ఫిట్టరు. పెళ్లయి ఏడాది నిండలేదు. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారని వినగానే, చిన్నమ్మ తల్లిదండ్రులను తీసుకొస్తానని బయల్దేరినవాడు వాళ్ల ఊరు చేరనూ లేదు, తిరిగి రానూ లేదు. విమానాల మోత అణగింది, నిజాం లొంగిపోయాడని బజార్లో మిఠాయిలు పంచారు, షెడ్డు కూత మళ్లీ వేళకు వినిపించింది. చిన్నమ్మ మాత్రం గడప తొక్కిన ప్రతివాళ్లనూ ఆ దారిన పోయి వెతికి రమ్మని బతిమాలేది. చివరికి మా నాయనమ్మ పెద్దలను పిలిచి, మనిషి పోయినట్టే, కోడలి మెట్టెలు తీయాల్సిందే అంది. మెట్టెలు తీస్తే ఇక వెతికేవాళ్లుండరని చిన్నమ్మకు తెలుసు. పాదాలు చీరలోకి ముడుచుకుని కూర్చుంది.

ఆ మర్నాడు పొద్దున వాకిట్లో రోకలిబండల జంట కనబడింది. తల్లీబిడ్డలను వేరుచేస్తే పాపమని మా ఇంట్లో వాటిని చేటలోకెత్తి కంచె అవతల వదిలేవాళ్లు. నాయనమ్మ చేట తెస్తుంటే చిన్నమ్మ అంది:

"తల్లీబిడ్డలు కాదత్తా, ఆలుమొగలు. మరి గిప్పుడు ఇడగొడ్తవా?"

"సిగ్గు శరం లేదానే! పిల్ల ముంగట గివేం మాటలు?" అని నాయనమ్మ చేట పారేసి చీపురందుకుంది. చీపురు తగిలినా మగది వదలలేదు. రెండూ చుట్ట చుట్టుకున్నాయి. అలాగే కాలువలోకి ఊడ్చేసింది. మధ్యాహ్నానికల్లా చిన్నమ్మ కాలివేళ్లు బోసిపోయాయి.

చిన్నమ్మే ఒప్పుకుని తీసిందని మావాళ్లు ఇప్పటికీ అంటారు. అబద్ధం. మేనత్తలిద్దరూ పట్టుకుంటే నాయనమ్మ లాగింది, గడప దగ్గర నిలబడి నేను చూశాను. ఇప్పుడా వాకిళ్లన్నీ సిమెంటయ్యాయి, రోకలిబండ కనబడటమే అరుదు, ఆ రోజులంటే అందరికీ మిఠాయిలే గుర్తు. చిన్నమ్మ మాత్రం చివరిదాకా వానాకాలమొస్తే వాకిట్లోనే కూర్చునేది. నాకొకటే తెలియాలి: శవాన్ని చూడకుండా, ఆ దారిన ఒక్కరూ పోకుండా, మా చిన్నాయన చచ్చిపోయాడని మా నాయనమ్మ ఎవరి మాట మీద నిశ్చయించింది?