మాస్టరు ఉడికించిన రాళ్లు

“మూడు వేలు పెట్టి రాళ్లు కొంటవా? ఏంది, దాంట్ల దేవుడున్నడా?”

అడిగింది యశోద, బీడీల చాట ఒళ్లో పెట్టుకొని, భర్త పాండురంగ్‌ను.

దేవుడు లేడు, కంటికి కనబడని క్రిములున్నాయి. చేపల మలినంలోంచి పుట్టే అమోనియా అనే విషాన్ని అవి తినేస్తాయి. అవి లేని ఉప్పునీటి తొట్టిలో చేప బతకదు. ముంబైలో ఎవరో సిమెంటుతో రాళ్లు చేసి, ఏడాదిపాటు సముద్రపు నీటిలో నానబెట్టి, క్రిములు పట్టాక అమ్ముతారు. అశోక్ చౌక్‌లో చేపల దుకాణం నడిపే రుషికేశ్ అలాంటివి రెండు తెప్పించి, సగం డబ్బే తీసుకొని, మిగతాది బాకీ రాసుకొని పాండురంగ్ చేతిలో పెట్టాడు.

పాండురంగ్ భవాని పేట్‌లో తువ్వాళ్ల నూలుకు రంగు వేసే మాస్టరు. చేపల మీద ప్రేమేమీ లేదు. దుకాణంలో తెల్ల పట్టీల నారింజ రంగు సముద్రపు చేపను చూశాడు. రోజంతా నీళ్లలోనే ఉంటుంది, రంగు దిగదు. అంతే, అది ఇంట్లో ఉండాలని తొట్టి కొన్నాడు. దీన్ని సౌందర్యతృష్ణ అనేవాళ్లు అనొచ్చు. అది పని తెలిసినవాడి అసూయ.

రాళ్లు తడి కాగితాల్లో చుట్టి వచ్చాయి. బురద రంగు, నీచు వాసన. ముడి నూలు వస్తే మాస్టరు ముందు ఉడికిస్తాడు. మురికి పోనిదే రంగు పట్టదు. పాండురంగ్ నీళ్లు మరిగించి, సోడా వేసి, రాళ్లను ముంచి, బ్రష్షుతో తోమాడు. తెల్లగా మెరిశాయి. ఫోటో తీసి రుషికేశ్‌కు పంపాడు.

రుషికేశ్ బండి మీద పరుగున వచ్చాడు. “ఏం జేసిన్రు మాస్తర్! రాళ్లను సంపిన్రు గదా!”

“రాళ్లను సంపుడేందిరా?”

“ఇగ ఇది ఉత్త సిమెంటు.”

లోపలి నుంచి యశోద అందుకుంది: “మూడు వేల సిమెంటు. ఇల్లు కట్టేటోళ్లకు అమ్ముండ్రి.”

మళ్లీ కొనే తాహతు లేదు. మిగిలింది రాళ్లతోపాటు వచ్చిన ఒక్క ఇసుక సంచి. అదీ క్రిములున్న ఇసుకే. విప్పలేదు గనక బతికింది. దాన్ని తొట్టిలో పరిచి, ఉప్పునీళ్లు నింపి, తెల్ల రాళ్లను మీద పెట్టారు. ఇసుకలోని జీవం రాళ్లకు పాకాలి. దానికి మేతగా ఒక ఎండు రొయ్య వేశారు. రొయ్య కుళ్లి విషం పుట్టింది. ఇక అది పోయేదాకా ఆగడమే.

పరీక్ష సులువు. గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే, విషముంటే ఆకుపచ్చ, లేకపోతే పసుపు; మందుతో వచ్చిన రంగుల కార్డుతో పోల్చి చూడాలి. ముప్పై ఆరో రోజున రుషికేశ్ రెండు నారింజ చేపలతో వచ్చి తానే పరీక్ష చేశాడు.

“పసుపే గదా మాస్తర్. బస్ ఝాలం, అయిపోయింది, ఇడుద్దాం.”

పాండురంగ్ గొట్టాన్ని గుమ్మం దగ్గర ఎండకు పట్టాడు. “పసుపు గాదు. పిసరంత ఆకుపచ్చ కలిసింది.”

“కార్డు మీద గిట్లనే ఉన్నది.”

“కార్డు అచ్చేసినోడు రంగు మాస్తరా? వాపస్ తీస్కపో.”

యశోద బీడీ ఆకు కత్తిరిస్తూనే అంది: “రంగు సంగతి ఆయనకిడిసిపెట్టు రుషీ. రాళ్ల సంగతే ఆయనకు తెల్వదు.”

చేపలు వెనక్కి వెళ్లాయి. ఇంకో తొమ్మిది రోజులకు పసుపు అసలు పసుపైంది. అప్పుడు వదిలారు. ఏడు నెలలైంది, రెండూ ఉన్నాయి. రాళ్లు మళ్లీ బురద రంగుకు తిరిగాయి. ఎవరూ తోమడం లేదు. యశోద చాట తెచ్చుకొని తొట్టి పక్కనే కూర్చుంటుంది, లైటు కోసమేనంటుంది. ఇప్పుడు దుకాణంలో అనుమానం వచ్చిన ప్రతి గొట్టాన్నీ రుషికేశ్ మాస్టరుకే చూపిస్తాడు. చూసినందుకు ఆయన ఏమీ అడగడు, ఇతను ఏమీ తగ్గించడు. రాళ్ల బాపతు పదిహేను వందలు మాస్టరు ఇంకా బాకీ.