తేదీ మార్చిన రాయి

మున్సిపల్ ఆఫీసు వెనక సందులో, రేకుల షెడ్డు కింద, ముప్పై ఎనిమిదేళ్ళు శిలాఫలకాలు చెక్కాడు మేస్త్రి. ఆ కాలంలో ఐదుగురు మేయర్లు వచ్చారు, పోయారు. వాళ్ళేం చేశారో ఊరు మరిచిపోయినా అతనికి గుర్తే. మొదటాయన పార్కులో ఫౌంటెన్ పెట్టించాడు. అది రెండు వేసవులు నీళ్ళు చిమ్మి ఆ తర్వాత పావురాల కాపురమైంది. రెండో ఆయన పదహారు పునాదిరాళ్ళు వేశాడు, ఒక్క గోడా లేపలేదు. "గుమ్మాలు పదహారు, ఇల్లు మాత్రం లేదు పాపం" అనేది మేస్త్రి భార్య. మూడో ఆవిడ ఊరి మురుగంతా భూమి కిందికి దింపింది. ఫలకం కొలతలు అడగబోతే, "కాలవకి పేరెందుకు మేస్త్రీ, వాసన రాకపోతే చాలు" అని పంపించేసింది. ఆవిడ పేరు ఊళ్ళో ఏ గోడ మీదా లేదు.

మేస్త్రికి ఒక పద్ధతి ఉండేది. రాయిని తలకిందులుగా పెట్టుకుని చెక్కేవాడు. చదువుతూ చెక్కితే మనసు మాట మీదికి పోతుందని, ఉలి గీత తప్పుతుందని అతని నమ్మకం. అన్నేళ్ళలో చెక్కిన అక్షరాన్ని పూడ్చి దిద్దింది ఒక్కసారే.

అది నాలుగో మేయరు కాలం. ఆయన కూరగాయల మార్కెట్ మీద పై అంతస్తు కట్టిస్తున్నాడు. ప్రారంభం జూన్ ఇరవై అని చెక్కి, నునుపు పట్టి, రాయిని గోడకి ఆనించి ఉంచాడు మేస్త్రి. ఫిబ్రవరి చివర్లో మేయరు పి.ఏ. వచ్చి, స్టూలు మీద రుమాలు పరుచుకుని కూర్చున్నాడు.

"తేదీ మార్చాలయ్యా. మార్చి ఏడు వెయ్యి."

"స్లాబు కింద ఇంకా సెంట్రింగు కర్రలే తియ్యలేదు కదండీ."

"ఏప్రిల్‌తో సార్ పదవి అయిపోతుంది. జూన్ దాకా ఆగితే రిబ్బను ఇంకొకడు కోస్తాడు. రాయి నీది, స్లాబు ఇంజనీరుది. ఎవడి పని వాడు చేసుకుంటే గొడవుండదు."

మేస్త్రి లక్క కరిగించి, రాతిపొడి కలిపి, జూన్ ఇరవైని పూడ్చాడు. గట్టిపడ్డాక దాని మీదే మార్చి ఏడు చెక్కాడు. అన్నం గిన్నె తెచ్చిన భార్య వెనకనుంచి తొంగి చూసింది. ఆమె అదే మార్కెట్‌లో ఉల్లిపాయలు అమ్మేది. కొత్త అంతస్తులో మెట్ల పక్కన ఆమెకి చోటిచ్చారు.

"తడారకముందే ఎక్కిస్తారా మమ్మల్ని?"

"ఇంజనీరు చూసుకోడా ఏంటి. మన పని రాయి వరకే."

"నీ రాయి గట్టిదేలే. నా కాళ్ళ కిందదాని సంగతి చెప్పు."

అతను నవ్వి గిన్నె మూత తీశాడు.

జులైలో ముసురు పట్టిన నాలుగో రోజు, పొద్దున పదింటికి, మెట్ల వైపు సగం అంతస్తు కూలింది. పదకొండు మంది పోయారు. భార్యని చెప్పు పట్టీ చూసి గుర్తుపట్టాడు మేస్త్రి; వారం కిందట దాన్ని కుట్టింది తనే. మెట్ల మొదట్లో గోడ నిలబడే ఉంది. దాని మీద ఫలకానికి గీత కూడా పడలేదు.

విచారణ మొదలైంది. మొదటినుంచీ అనుకున్న తేదీ మార్చి ఏడేనని, తొందర ఏమీ పడలేదని మాజీ మేయరు రాసిచ్చాడు. ఆ వారమే పి.ఏ. ఆ ఫలకాన్ని గోడనుంచి ఊడదీయించి, రిక్షాలో వేసుకుని షెడ్డుకొచ్చాడు.

"పోయినవాళ్ళకి స్మారకం పెట్టిస్తున్నారు సార్, సొంత డబ్బుతో. దీన్నే తిరగేసి వెనకవైపు పేర్లు చెక్కు. ముందువైపు ఎటూ సిమెంటులో పోతుంది. మొదటి పేరు మీ ఆవిడదే పెడదాం. కింద సార్ పేరు, కొంచెం పెద్దక్షరాల్లో."

పాత రాయి తిరగేసి వాడటం ఆ పనిలో మామూలే. పి.ఏ. వెళ్ళాక మేస్త్రి రాయిని నిలబెట్టి చదివాడు. తర్వాత బ్లోలాంప్ వెలిగించి తేదీ మీద మంట ఆడించాడు. లక్క కారిపోయింది. మార్చి ఏడు చెదిరి, దాని అడుగునుంచి జూన్ ఇరవై బయటపడింది.

"పూడ్చింది నువ్వేనని నీ మీదికే వస్తుంది నాన్నా," అంది పక్కన నిలబడి చూస్తున్న కూతురు.

"రావాల్సిందేగా. మీ అమ్మ అడిగింది నన్ను. నేనే వినలేదు."

తండ్రీకూతుళ్ళు రాయిని రిక్షాలో పెట్టుకుని విచారణ అధికారి దగ్గరికి వెళ్ళారు. పి.ఏ. అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు. అధికారి కళ్ళజోడు పైకెత్తి అక్షరాలని వేలితో తడిమి చూశాడు.

"మార్చమని కాగితం ఏమైనా ఇచ్చారా?"

"నోటిమాటేనండి. ఈ బాబే చెప్పాడు."

పి.ఏ. తల దించుకుని, చాలా మెత్తగా మాట్లాడాడు. "పెద్దాయన బాధలో ఉన్నాడు సార్. ఏదో పొరపాటున చెక్కి దిద్దుకున్నాడు. ఇప్పుడు ఇలా తోస్తోంది."

"చెక్కేటప్పుడు తప్పులు పోవడం ఉన్నదేగా," అన్నాడు అధికారి.

"నాకు లేదండి."

అధికారి రాసి కాగితం జరిపాడు. కూతురు పైకి చదివింది: తేదీలో తేడా చెక్కినవాని పొరపాటు. కింద సంతకానికి చోటు.

"నేను తప్పు చెక్కలేదండి," అన్నాడు మేస్త్రి. "చెప్పింది చెప్పినట్టు చెక్కాను. తప్పు అదీ. అది రాసుకోండి."

"అలా రాయడానికి ఇందులో గడి లేదయ్యా."

మేస్త్రి కలం ముట్టుకోలేదు. సాక్షి సంతకానికి నిరాకరించాడని అధికారి తనే రాసుకుని, రాయిని అక్కడే ఉంచమన్నాడు. పది రోజుల తర్వాత దాని వెనకవైపు ఇంకెవరో పదకొండు పేర్లు చెక్కారు; జూన్ ఇరవై లోపలికి పోయేలా దాన్ని మార్కెట్ గోడలో సిమెంటుతో బిగించారు. ఆఫీసునుంచి మేస్త్రికి మళ్ళీ పని రాలేదు. మాజీ మేయరు పటం కౌన్సిల్ హాల్లో మిగతావాళ్ళ వరసలోకి చేరింది.

మేస్త్రి ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు. మార్కెట్ వైపు అడుగు పెట్టలేదు. కూరలకి కూతురే వెళ్ళేది. అమ్మ పేరు ఎలా చెక్కారని అతను అడగలేదు. బాగా చెక్కారని ఆమె చెప్పలేదు.