అట్టతో చేసిన ఆరు కంప్యూటర్లు

ఆ రోజుల్లో కొత్తగూడ చౌరస్తాలో నిలబడి ఎటు చూసినా బండలే కనిపించేవి. మాదాపూర్ వైపు గుండ్రటి పెద్ద భవనమొకటి లేస్తోందని, ఇక ఊరంతా అందులోనే కూర్చుని పనిచేస్తుందని జనం చెప్పుకునేవారు. మధ్యాహ్నం బండలు పేలిస్తే మా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. ఇంటికొచ్చిన వాళ్ళెవరైనా సరే, మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూనే "అమ్మాయి కంప్యూటర్ నేర్చుకుంటోందా?" అని అడిగేవారు. నేను లలితకళల కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్నాను. (మా బంధువులు దాన్ని 'బొమ్మల బడి' అనేవారు. ఎవరెవరు, ఎవరి పెళ్ళిలో, ఏ పంక్తిలో కూర్చుని అన్నారో ఇప్పుడడిగినా చెప్పగలను.)

నా చేతిలో పడ్డ వస్తువేదీ మళ్ళీ ఆ వస్తువుగా మిగిలేది కాదు. అగ్గిపెట్టెలు సొరుగుల బీరువా అయ్యేవి. కొబ్బరి చిప్పలు దీపాలయ్యేవి. నాన్న చదివేసిన పేపర్లు నానబెట్టి, మెంతిపిండి కలిపి రుబ్బితే రంగు రంగుల గిన్నెలయ్యేవి. (రోట్లో రుబ్బానని అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. రోలు శుభ్రంగా కడిగే ఇచ్చాను. ఆ సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు.) ఇదంతా చూసి మా బాబాయి, అంటే నాన్నకు సొంత తమ్ముడు, నాకొక పేరు పెట్టాడు. వీధి గుమ్మంలోంచే "ఏమే పాతసామానూ, ఇవాళ ఏం ఏరుకొచ్చావ్?" అని కేకేసేవాడు. అందరూ నవ్వేవారు. నేను నవ్వలేదు.

ఆ బాబాయే కొత్తగూడలో ఒక మేడ మీద రెండు గదులు కిరాయికి తీసుకుని కంప్యూటర్ శిక్షణ కేంద్రం పెట్టాలనుకున్నాడు. నాన్న ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టు. ఇరవై ఏళ్ళుగా టైపు కొట్టిన తన వేళ్ళకు రేపో మాపో పనుండదని ఆయనకు అప్పటికే బెంగ పట్టుకుంది. నాకైనా ఆ గతి పట్టకూడదనుకున్నారు. "బొమ్మలు ఈ ఏడాదితో చాలు. బాబాయి దగ్గర మొదటి అడ్మిషన్ నీదే" అనేశారు. ఫారం కూడా తెచ్చి పూర్తిగా నింపి జేబులో పెట్టుకున్నారు. ప్రారంభోత్సవం నాడు పూజ కాగానే తమ్ముడి చేతిలో పెట్టాలట. నేను ఏడ్చాను, అన్నం మానేశాను, మళ్ళీ తిన్నాను. ఫారం జేబులోంచి కదల్లేదు.

ప్రారంభోత్సవం ఇంకా నాలుగు రోజులుందనగా బాబాయి మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చాడు. కంప్యూటర్లు తెచ్చే లారీ దారిలో ఎక్కడో ఆగిపోయిందట. వారం దాకా రాదట. ముహూర్తం దాటితే మూఢం, ఇక రెండు నెలలు మంచిరోజు లేదు. కార్డులు పంచేశారు. ముఖ్య అతిథిగా ఒక రిటైరైన చీఫ్ ఇంజనీరు గారు వస్తానన్నారు. నాన్న ఆఫీసులో ఉన్నారు. బాబాయి కాసేపు గోడ చూశాడు, తర్వాత నా అగ్గిపెట్టెల బీరువా చూశాడు.

"అమ్మాయ్, అట్టలతో కంప్యూటర్ చెయ్యగలవా?"

(పాతసామాను హఠాత్తుగా అమ్మాయి అయింది. గమనించాను.)

"చేస్తే నాకేంటి?" అన్నాను.

"ఏం కావాలే?"

"కాలేజీ మాన్పించొద్దని నాన్నకు నువ్వే చెప్పాలి. నువ్వు చెబితే వింటారు."

"చెప్తాలే. కానీ ఇది బయటికి పొక్కకూడదు. పొక్కిందా, మీ నాన్నతో నేనొక్క ముక్క మాట్లాడను."

అలా ఒప్పందం కుదిరింది. నాలుగు రోజులు బాబాయి కిరాయికి తీసుకున్న గదిలోనే పనిచేశాను. బిస్కెట్ల అట్టపెట్టెలు కోసి, మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి అతికించాను. పైన నున్నగా కాగితం గుజ్జు పూసి, గరుకు కాగితంతో రుద్ది, లేత బూడిదరంగు వేశాను. సబ్బు పెట్టెలు మౌసులయ్యాయి. కీబోర్డుల మీద నాకు ఇప్పటికీ గర్వమే. తెల్ల రబ్బర్లు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క కింద స్పాంజి పెట్టి, నాన్న పాత టైపింగు పుస్తకం చూసి అక్షరాలన్నీ వరసలో రాశాను. నొక్కితే దిగేవి, వదిలితే లేచేవి. ఎవరూ అడగలేదు, అలా దిగి లేవాలని. నాకే ఉండబట్టలేదు.

తెరలకు ఎక్స్‌రే ఫిల్ములు కావాలనిపించింది. బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి రుద్దితే నలుపంతా పోయి అద్దంలా మిగులుతాయి. అయిదు దొరికాయి. ఆరోది ఆ మేడ ఓనరమ్మను అడిగాను, కాలేజీ పనికని చెప్పి. ఆవిడ పెట్టెలోంచి తీసిచ్చి "పైలంగ వాపస్ ఇయ్యి బిడ్డా" అంది. దాన్ని కడగడానికి వ్యవధి లేకపోయింది. నల్లగానే బిగించేశాను. ఒక్కో తెర వెనక ఒక జీరో బల్బు పెట్టాను.

ముహూర్తం నాడు అందరూ చెప్పులు మెట్ల దగ్గరే విప్పారు. ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులతో వెళ్ళడమంటే దేవుడి గదిలోకి వెళ్ళినట్టే. ముట్టుకోవడం అంతకన్నా తప్పు. నా పని నిలబడింది ఆ భక్తి వల్లే. పూజారి గారు ఆరింటికీ పసుపూ కుంకుమా పెట్టి, దండలు వేసి, హారతిచ్చారు. ఇంజనీరు గారు చేతులు జోడించి నిలబడ్డారు. బాబాయి స్విచ్ వేశాడు. ఆరు తెరలూ వెలిగాయి. జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో నిలబడి, ఆ చప్పట్లు ఎవరికో తెలిసిన ఒకే ఒక్క మనిషిగా నేను పొంగిపోయాను.

ఇంజనీరు గారు ఆరో దాని ముందు ఆగారు. "ఇందులో ఏదో ఎముకలా కనిపిస్తోందేమిటండీ?"

"మెడికల్ సాఫ్ట్‌వేరండి" అన్నాడు బాబాయి, రెప్ప వేయకుండా. "రేపు డాక్టర్లు కూడా మన దగ్గరే నేర్చుకుంటారండి."

కుంకుమ భరిణె పట్టుకుని పక్కనే ఉన్న ఓనరమ్మ వంగి చూసింది. ఇంకా వంగి చూసింది.

"అయ్యో, గిది నా మోకాలు!"

"ఊరుకోండమ్మా, అందరి మోకాళ్ళూ అలాగే ఉంటాయి" అన్నాడు బాబాయి.

"గట్లెట్ల ఉంటయ్ సారూ? గా మూడు మేకులు సూడున్రి. బాయికాడ జారిపడ్డప్పుడు దవాఖానల ఏసిండ్రు. నా మోకాలు నాకు తెల్వదా?" అంటూ వేలితో చూపించబోయింది. వేలు సరిగ్గా మేకుల మధ్య తగిలి, ఫిల్ము ఊడి లోపల పడింది. తెర ఉండాల్సిన చోట జీరో బల్బు ఒక్కటే వెలుగుతోంది. "ఏంది సారూ గిది, అట్టనా?"

ఇంజనీరు గారు కళ్ళజోడు సవరించుకుని మిగతా అయిదూ వరసగా తట్టి చూశారు. కోప్పడతారనుకున్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "మేమే బోల్తా పడ్డామండీ! ఎవరు చేశారివి?"

బాబాయి మొహం తుడుచుకున్నాడు. "లారీ రాలేదండి. అందుకని... డెకరేషన్ కోసం... టెంట్ హౌస్ వాళ్ళు చేశారండి."

టెంట్ హౌస్ వాళ్ళు! నోరు మూసుకుని నిలబడి ఉంటే, ఒప్పందం ప్రకారం నా కాలేజీ నాకు దక్కేదేమో. అది నాకు తెలుసు. తెలిసీ, ముందున్న కుర్చీ ఎక్కి అరిచాను.

"టెంట్ హౌస్ కాదు! నేను చేశాను! నాలుగు రోజులు నేనొక్కదాన్నే చేశాను! మైదా ఉడికించింది కూడా నేనే!"

బాబాయి నావైపు చూసిన చూపులో ఒప్పందం రద్దయినట్టు స్పష్టంగా కనిపించింది. నాన్న లేచారు. ఆయన చెయ్యి జేబు మీద ఉంది. నా కథ అయిపోయిందనుకున్నాను. ఆయన నన్ను దాటుకుని వెళ్ళి, ఒక కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. దండ పక్కకు జరిపి, రెండు చేతుల వేళ్ళూ కీబోర్డు మీద ఆనించారు. కిందికి చూడకుండా కొట్టడం మొదలుపెట్టారు. అందరూ చూస్తుండగా ఒక పూర్తి ఆఫీసు ఉత్తరమంత సేపు కొట్టారు. రబ్బరు ముక్కలు దిగుతున్నాయి, లేస్తున్నాయి.

"అన్నయ్యా, అది ఉత్త అట్టే!" అన్నాడు బాబాయి.

"తెలుసురా" అన్నారు నాన్న. "ఒక్క అక్షరం కూడా దాని చోటు తప్పలేదు. స్పేస్ బార్ కూడా లేస్తోంది." ఇంకో వరస కొట్టారు. తర్వాత జేబులోంచి ఫారం తీసి నిలువునా రెండుగా చింపి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నారు. "దీనికి కుదరదులేరా. పొద్దున కాలేజీ ఉంటుంది."

ఓనరమ్మ నా చెయ్యి పట్టుకుని "మంచిగ చేసినవ్ బిడ్డా. జర నా మోకాలు నాకియ్యి, డాక్టరు అడుగుతడు" అంది.

లారీ తర్వాతి వారం వచ్చింది. కేంద్రం బాగానే నడిచింది. బాబాయికి ఇప్పుడు డెబ్భై దాటాయి. ప్రతి ఫంక్షన్‌లోనూ ఈ కథ ఆయనే చెబుతాడు, "అప్పుడు నాకొక ఐడియా వచ్చింది" అని మొదలుపెట్టి. ఆ రోజు చివర్లో ఆయన కుర్చీలు వేసినవాళ్ళకూ, మైకు బిగించినవాళ్ళకూ, టెంట్ హౌస్ వాళ్ళకూ కృతజ్ఞతలు చెప్పాడు. నా పేరు చెప్పలేదు. ఆ మాట నేను ఇన్నేళ్ళుగా ఆయనకు గుర్తుచేస్తూనే ఉన్నాను.

ఇప్పుడు నేను రాయదుర్గంలో ఒక అద్దాల ఆఫీసులో బొమ్మలు వేసే ఉద్యోగం చేస్తున్నాను. పోయిన నెల మీటింగులో నేను వేసిన బొమ్మను మా టీమ్ పెద్ద తన ఆలోచనగా చూపించాడు. అందరూ బాగుందన్నారు. నా ముందు మంచి గట్టి కుర్చీ ఉంది, కింద చక్రాలు కూడా ఉన్నాయి. నేను సీసా మూత తీసి మంచినీళ్ళు తాగి, అందరితో పాటు తలూపాను. ఇంటికొచ్చాక ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. చేతినిండా మైదా, నోటినిండా కోపం. ఆ పిల్ల నన్ను చూస్తే ఏమనేదో ఊహించుకుంటే నవ్వొచ్చింది. నాతో మాత్రం వారం రోజులు మాట్లాడి ఉండేది కాదు.