దొప్ప మీద గీసిన నంబరు

మూడేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. అరటి గెలలు మోసేవాణ్ణి, బరువులు నాకు కొత్త కాదు. కానీ గెలనైతే మార్కెట్లో దించేస్తాం. దీన్ని ఎక్కడ దించాలి? మీరు నన్నెరగరు. అందుకే మీ దగ్గర దించుతున్నాను.

నా పని రావులపాలెం మార్కెట్లో. చదువు ఎనిమిదితో ఆగింది. నోరు మాత్రం ఆగలేదు. ఎదురుగా సెల్ రీఛార్జి కొట్టు నడిపే దుర్గంటే నాకిష్టం. ఆమెకు లారీ డ్రైవరు శ్రీను ఇష్టం. వాడు నా స్నేహితుడు. ఇద్దరి మధ్యా కబుర్లు మోసింది నేనే. ఎంత గొప్ప మనసురా నీది అని నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి.

ఒక రోజు శ్రీను కంగారుగా వచ్చాడు. ఫోన్ పోయింది, దాంతో దుర్గ నంబరూ పోయింది. నాకా రోజుల్లో ఫోనే లేదు. ఇకపై వాడి లారీ ఒడిశాలోనే తిరుగుతుందట. ఆ రోజే దుర్గ కొట్టు మూసి ఉంది. మా మార్కెట్లో పెన్ను కోసం ఎవరూ వెతకరు. గెల కాడ మీద మేకుతో పేరు గీస్తాం. గీసినప్పుడు సరిగా కనబడదు; కాసేపటికి నల్లబడి తేలుతుంది. శ్రీను కూడా అరటి దొప్ప మీద తన కొత్త నంబరు గీసి నా చేతిలో పెట్టి వెళ్లాడు. అంకెలు నల్లబడేదాకా చూస్తూ కూర్చున్నాను. తరువాత దాన్ని గేదె ముందు పడేశాను.

తప్పు గేదెది కాదు.

“శ్రీను వెళ్లిపోయాడు. నీకేమీ చెప్పమనలేదు” అన్నాను దుర్గతో. ఆపైన మూడేళ్లు టీలు తెచ్చి, జోకులేసి నవ్వించాను. ఏడిపించిందీ నేనే, ఓదార్చిందీ నేనే అయితే దాన్ని ప్రేమంటారా?

ఈమధ్య ఆమె ఫోన్లో ఇద్దరం ఒక జపాన్ యానిమే చూశాం. అందులో ఒక కత్తివీరుడు, తనను ప్రేమించని అమ్మాయిని ఆమె కోరుకున్నవాడి దగ్గరికి చేర్చి ప్రాణం వదిలేస్తాడు.

“చూశావా, తనకోసం ఏమీ అడగలేదు. అచ్చం నీలాగే” అంది దుర్గ.

“అడగలేదా? పడిపోతూ మొహం ఆమె వైపే తిప్పాడుగా. ఒక్కసారి చూస్తుందేమోనని.”

“అయితే ఏంటి? చూడాలనుకోవడం తప్పా? ఆమె దారికి అడ్డం పడలేదుగా!”

“నేను పడ్డాను” అన్నాను.

జోకనుకుని నవ్వబోయింది. మొత్తం చెప్పాను. ఫోన్ ఆపి పక్కన పెట్టింది.

“నంబరు గుర్తుందా?”

ఉంది. పన్నెండో ఎక్కం నిలవని బుర్రలో ఆ పది అంకెలు చెక్కుచెదరలేదు. అప్పజెప్పాను. రాసుకుంది.

“వెళ్లు. నేను పిలిచేదాకా ఈ గుమ్మం ఎక్కకు.”

ఇంకా పిలవలేదు. క్షమించమని అడగలేదు నేను. అడిగితే అది మళ్లీ నాకోసమే అవుతుందేమో. ఏ ఆశా లేని ప్రేమ ఉంటుందా అంటే నాకు తెలియదు. నా ప్రేమకు మాత్రం ఇప్పటికీ ఆశ ఉంది. ఉండనీ. ఆమె దారిలోంచి తప్పుకున్నాను, అది చాలు. ఈ మాట మీకు చెప్పాక ఊపిరి కాస్త లోతుగా ఆడుతోంది.

శ్రీను ఫోనెత్తాడో లేదో తెలియదు. ఎత్తాలనే కోరుకుంటున్నాను. అలా కోరుకుంటే లోపలెక్కడో కలుక్కుమంటుంది. అయినా కోరిక మార్చుకోలేదు.