సంచులతో పాతిన వరుస

నా చిన్నప్పుడు మేం నాచారంలో ఉండేవాళ్లం. నాన్నది రైల్వే ఉద్యోగం, గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. పక్కింటి తాత బోడుప్పల్ దారిలో ఫారెస్టు వాళ్లు వేస్తున్న నీలగిరి తోటలో రోజుకూలీగా పనిచేసేవాడు. తోట బాగా వస్తే వాచర్‌గా తీసుకుంటానని ఫారెస్టు సారు ఆయనకు మాటిచ్చాడు. వాచర్ అంటే ఖాకీ చొక్కా, ఏడాదంతా పని. ఆ చొక్కా కోసం తాత పడ్డ ఆరాటం అంతా ఇంతా కాదు.

నాకేమో కనిపించినదల్లా అడగాలి. "దీనికి ఎన్ని ప్రశ్నలే తల్లీ!" అని మా అమ్మ తల పట్టుకునేది. తాత మాత్రం విసుక్కోకుండా సెలవు రోజుల్లో నన్ను తోటకు తీసుకెళ్లేవాడు. మండుటెండల్లో తవ్వి వదిలేసిన గుంతలు చూసి, మొక్కలు లేకుండా ఇవెందుకని అడిగాను.

"మట్టికి జర ఎండ తగలాలె బిడ్డా. పురుగు సస్తది. వాన పడ్డంక మన్ను మెత్తగయ్యి ఏర్లు కిందికి దిగుతయ్."

నల్ల ప్లాస్టిక్ సంచుల్లో జానెడు మొక్కలు అప్పటికే మడిలో బారులు తీరి ఉండేవి. రెండు మంచి వానలు పడ్డాక నాటడం మొదలైంది. నేనూ నాటుతానని తాత ప్రాణం తీశాను. చివరికి ఆయన ఒక వరుస నాకు వదిలి, బ్లేడుతో సంచి కోసి, వేళ్లకున్న మట్టి చెదరకుండా గుంతలో ఎలా దించాలో చూపించి, అవతల కూలీల దగ్గరికి వెళ్లాడు.

మొదటి రెండు మొక్కలకూ మట్టి ముద్ద పగిలిపోయింది. భయం వేసింది. అప్పుడు నా బుర్రకు ఒక గొప్ప ఆలోచన తట్టింది: సంచి కోయకపోతే మట్టి చెదరనే చెదరదు కదా! మిగిలినవన్నీ సంచులతోనే పాతేసి, చుట్టూ మట్టి చక్కగా తొక్కాను. అందరికంటే ముందు నా వరుసే అయిపోయింది. తాత దూరం నుంచే చూసి, "మస్తు పెట్టినవ్ బిడ్డా!" అన్నాడు. నేను పొంగిపోయాను.

మరుసటి ఏడాదికి తోటంతా నా తల దాటింది. నా వరుస నడుము దగ్గరే ఆగిపోయి పసుపెక్కింది. ఎందుకని తాతను రోజూ వేధించాను. ఆయనకూ అంతుపట్టలేదు. పాపం, కుండలతో ఆ ఒక్క వరుసకే ఎక్కువ నీళ్లు మోశాడు.

ఫారెస్టు సారు చూడటానికి వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆయన ఆ వరుస ముందు ఆగి ఒక మొక్క పీకించాడు. కింద ఏముందోనని అందరికంటే ముందు తొంగిచూసింది నేనే. సంచి సంచిలాగే ఉంది. లోపల వేళ్లు దారపు ఉండలా చుట్టుకుపోయి ఉన్నాయి.

"ఎవరయ్యా ఇది నాటింది?"

తాత నావైపు ఒక్కసారి చూశాడు. "నేనే పెట్టిన సారూ. తొందరల సంచి కొయ్య మరిసిన" అన్నాడు. సారు ఆయన్ని అందరి ముందూ తిట్టాడు. నేను నోరు విప్పలేదు. వాచర్ పని వేరొకరికి పోయింది.

రెండో రోజు తాత గడ్డపారతో మా గుమ్మంలోకి వచ్చి, పోదాం పద అన్నాడు. ఇద్దరం ఆ వరుసంతా పీకేసి కొత్త మొక్కలు నాటాం. ఈసారి ప్రతి సంచీ నాతోనే కోయించాడు. నేను ఏడుస్తూ, నా పేరెందుకు చెప్పలేదని అడిగాను.

"వరుస నీ చేతుల పెట్టింది నేనే గద బిడ్డా. ఎనక్కొచ్చి ఒక్క గుంత గూడ సూడకపోతి. గది నా తప్పే."

నేను కాలేజీకి వచ్చాక ఆ తోట నరికారు. నీళ్లు నిలవకుండా మొదలును ఏటవాలుగా కోయడం, బెరడు ఒలవడం, దుంగలు కొలిచి సుత్తితో ముద్ర కొట్టడం, పర్మిట్ రాశాక లారీలు డిపోకు కదలడం, అన్నీ తాత పక్కన నిలబడి అడిగి తెలుసుకున్నాను. కోసిన మొదళ్లే మళ్లీ చిగురిస్తాయంటే నమ్మలేక, వానలయ్యాక వెళ్లి చూసొచ్చాను. తాత అప్పటికీ రోజుకూలీయే. ఆ సంచుల ఊసు ఎన్నడూ ఎత్తలేదు.

తర్వాత నేను మౌలాలిలో రైల్వే ఆఫీసులో చేరి, నా కింద పదిమంది పనిచేసే దాకా వచ్చాను. కొత్తగా చేరిన పిల్లలు పొరపాటు చేస్తే, పెద్ద సారు గదిలోకి నేనే వెళ్లి, "ఆ పని ఇచ్చింది నేనేనండీ, చూసుకోలేదు" అనేదాన్ని. మేడమ్ మనసు ఎంత మంచిదో అని వాళ్లు చెప్పుకునేవారు. మంచితనమూ లేదు, నా మొహమూ లేదు! పసుపెక్కిన మొక్కల మధ్య తాత తల దించుకుని తిట్లు తింటుంటే, పక్కనే నిలబడి చెప్పలేకపోయిన మాట అది. ఎన్నిసార్లు చెప్పినా, ఆయనకు మాత్రం చేరలేదు.